మూలము చెడని మార్పు

పాత తెలుగు గ్రంథముల చివర ఒక పలుచని కాగితము కనబడును. దానిమీద నాలుగు నిలువు వరుసలు గీసియుండును: పుట, పంక్తి, తప్పు, ఒప్పు. దానికి తప్పొప్పుల పట్టికయని పేరు. శ్రద్ధగల పాఠకుడు గ్రంథము చేతికి వచ్చిన వెంటనే ఆ పట్టికను ఎదుట పెట్టుకొని, కలము పట్టి, పుట పుటకును వెదకి తన ప్రతిని సవరించుకొని, ఆ పిమ్మటనే చదువుటకు కూర్చుండెడివాడు. ఆ పట్టికకు విడిగా అర్థము లేదు. ‘47వ పుట, 12వ పంక్తి, కాలము అనుటకు బదులు కలము అని చదువుకొనవలెను’ అన్న సూచన గ్రంథము లేనివానికి ఎందుకును కొఱగాదు. గ్రంథమున్నవానికి మాత్రము అది గ్రంథములో ఒక భాగమే.

ఈ పాత అలవాటు నేడు ఎవరును ఊహింపని చోట మరల ప్రాణము పోసికొన్నది. ఇరువది, ముప్పది, నలువది యేండ్ల క్రిందటి వీడియో ఆటలను కొందరు అభిమానులు తమ అభిరుచికి తగినట్లు మార్చి, కంప్యూటరుపై ఆడుకొనుచున్నారు. ఆ మార్పులను వారు ఒకరికొకరు అందజేయు పద్ధతి అచ్చముగా తప్పొప్పుల పట్టిక పద్ధతియే. పిల్లల యాటలని పెద్దలు త్రోసివేయు ఈ వ్యవహారములో, పరుల కృతిపై చేయివేయువాడు పాటింపవలసిన మర్యాద యెట్టిదో తెలుపు గొప్ప పాఠమొకటి దాగియున్నది. విచారింపదగిన దేమనగా, ఆట మాత్రము పిల్లలకు చేరుచున్నది. ఆ మర్యాద చేరుట లేదు.

విషయము తెలియని వారికొఱకు దీని స్వరూపమును కొంచెము వివరింపవలసియున్నది. జపాను దేశపు నింటెండో సంస్థ 1983లో ఫామికామ్ అను ఆటయంత్రమును, 1990లో సూపర్ ఫామికామ్‌ను, 2001లో చేతబట్టుకొని ఆడుకొను గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ను వెలువరించెను. ఇట్టి యంత్రములను కన్సోళ్లు అందురు. వీని ఆటలు కార్ట్రిడ్జి అను చిన్న ప్లాస్టికు డబ్బీలో అమ్మబడెడివి. అందలి చిప్పులో ఆట యంతయు బైట్ల రూపమున వ్రాయబడియుండును. ఆ చిప్పును చదువవచ్చును గాని దానిమీద తిరిగి వ్రాయరాదు. దానిలోని బైట్లను ఉన్నవున్నట్లుగా కంప్యూటరులోనికి తీసికొన్నచో అది రోమ్ ఫైలు అగును. కంప్యూటరును ఆ పాత యంత్రమువలె ప్రవర్తింపజేయు ప్రోగ్రామునకు ఎమ్యులేటరని పేరు. రోమ్ ఫైలులోని బైట్లను మార్చి, ఆటలో క్రొత్త ఘట్టములు చేర్చుటయో, పాత దోషములు దిద్దుటయో, ఒక భాషలోని మాటలను మఱియొక భాషలోనికి త్రిప్పుటయో అభిమానులు చేయు మార్పు.

ఈ మార్పులలో భాషాప్రియులు ముఖ్యముగా గమనింపదగినది అనువాదము. అందుకు మంచి ఉదాహరణము ‘మదర్ 3’ అను జపాను ఆట. దాని రచయిత షిగెసాతో ఇతోయి ప్రకటనల రచనయందును వ్యాసరచనయందును పేరుపొందినవాడు. ఈ వరుసలో మొదటి ఆట 1989లో ఫామికామ్‌పైనను, రెండవది 1994లో సూపర్ ఫామికామ్‌పైనను వెలువడెను. రెండవది 1995లో ‘ఎర్త్‌బౌండ్’ అను పేర అమెరికాలో ఆంగ్లమునందు వచ్చెను. మూడవదానికి అభిమానులు చాలకాలము వేచియుండవలసివచ్చెను. వేఱొక యంత్రమునకై సాగుచుండిన పని 2000లో ఆగిపోయి, మరల మొదలై, తుదకు 2006 ఏప్రిలులో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌పై ముగిసెను. అదియు జపాను భాషలో, జపాను దేశమునందు మాత్రమే. ధనమన్న మాటనే యెఱుగని యొక పల్లె. అచ్చట తల్లిని కోల్పోయిన లూకస్ అను బాలుడు. ఆ పల్లెలోనికి ధనమును, క్రొత్త వస్తువులును ప్రవేశించి మనుష్యులను మార్చివేయు తీరు. ఇది దాని కథ. మాటల బలముచే నిలుచు అట్టి ఆట జపాను భాష రానివారికి మూసిన పుస్తకమే యయ్యెను.

అప్పుడు ఆంగ్లము మాటలాడు అభిమానుల బృందమొకటి ఆ పనికి పూనుకొన్నది. దానికి ముందు నిలిచినవాడు క్లైడ్ మాండెలిన్. అతడు వృత్తిచేతను అనువాదకుడే. రెమ్మడి శ్రమయైన ఈ పనిని, అనగా భాషను ఎఱిగి యంత్రమును ఎఱుగవలసిన పనిని, వారు ప్రతిఫలమేమియు కోరక సాగించి, 2008 అక్టోబరులో అనువాదమును వెలువరించిరి. మొదటి వారములోనే దానిని లక్షసార్లకు పైగా జనులు దింపుకొనిరి.

ఇట్టి అనువాదము జపాను వాక్యమునకు సరియైన ఆంగ్లవాక్యము వ్రాయుటతో ముగియదు. జపాను లిపిలో అక్షరమునకొక చదరము. అన్ని చదరములును ఒకే వెడల్పు. ఆంగ్లమునందు ‘ఐ’ సన్నని అక్షరము, ‘డబ్ల్యు’ వెడల్పైనది. అన్నిటికిని సమానమైన చదరమిచ్చినచో మాటల నడుమ పండ్లూడిన నోటివలె సందులు ఏర్పడును. కావున ప్రతి అక్షరపు వెడల్పును తెలుపు పట్టికనొకదానిని చేర్చి, అక్షరములను తెఱపై దిద్దు భాగమునే తిరిగి వ్రాయవలసియుండును. మఱియొక చిక్కు పొడవునుగూర్చి. ఒక వాక్యము పెరిగినచో దాని తరువాతి వాక్యములన్నియు ముందునకు జరుగును. ఏ వాక్యము ఎచ్చట మొదలగునో తెలుపు గుర్తులను పాయింటర్లందురు. పుస్తకమునకు నడుమ పది పుటలు చేర్చినప్పుడు విషయసూచికలోని పుటసంఖ్యలన్నిటిని దిద్దవలసివచ్చినట్లే, ఆ పాయింటర్లనన్నిటిని దిద్దవలెను. ఒక్కటి తప్పినను ఒక పాత్ర మాట మఱియొక పాత్ర నోట పలుకును. లేదా ఆట ఉన్నచోటనే నిలిచిపోవును.

ఇంత శ్రమచేసిన పిమ్మట ఆ బృందము పంచిపెట్టినది ఆటను కాదు. ప్యాచ్ అను చిన్న ఫైలును మాత్రమే. దానిలో ఇతోయి ఆట లేదు; దానిలో నున్నది ఆ ఆటకును, తాము మార్చిన ప్రతికిని గల భేదము మాత్రమే. ప్యాచ్‌ను ఒంటరిగా తెఱచి చూచినవానికి ఏమియు దొరకదు. మూలప్రతి కలవాడు దానిని తన ప్రతికి అనువర్తింపజేసికొన్నచో ఆట ఆంగ్లమున మాటలాడును. ఇదియే తప్పొప్పుల పట్టిక న్యాయము.

ప్యాచ్‌లలో ఐపీఎస్ అను పాత రూపమొకటి కలదు. దాని నిర్మాణము ఎంతయో సులభము. ఒక్కొక్క మార్పునకు మూడు విషయములు మాత్రమే అందుండును: మార్పు చేయవలసిన చోటు, మార్పు పొడవు, అచ్చట వ్రాయవలసిన క్రొత్త బైట్లు. అనగా పుటయు పంక్తియు కలవు, ఒప్పు కలదు. తప్పు అను వరుస మాత్రము లేదు. దీనివలన కలుగు అపాయము గొప్పది. తప్పు అను వరుస ఉన్నచో, 47వ పుటలో ఆ మాట కనబడనప్పుడు పాఠకుడు ‘ఇది నా ముద్రణకు చెందిన పట్టిక కాదు’ అని కలము దించును. ఆ వరుస లేనిచో గ్రుడ్డిగా దిద్దుకొనుచు పోయి మంచి పుస్తకమును చెడగొట్టుకొనును. ఐపీఎస్ సరిగా ఇట్లే ప్రవర్తించును. ఏ ఫైలునిచ్చినను కాదనదు.

దానికి మఱియొక కొఱత కలదు. చోటును తెలుపుటకు అందు మూడు బైట్లు మాత్రమే కేటాయింపబడినవి. వానితో 1,67,77,216 చోట్లను మించి గుర్తింపజాలము. పుటసంఖ్యకు మూడంకెల గడి మాత్రమే గీసిన పట్టిక 999వ పుటను దాటి పోలేనట్లే యిది. మదర్ 3 రోమ్ ఫైలు 32 మెగాబైట్లు, అనగా ఆ హద్దునకు సరిగా రెండింతలు. కావున ఆ అనువాదము యూపీఎస్ అను క్రొత్త రూపమున వెలువడెను. ఈ రూపము మూలపు ఫైలుకును, మార్పు పిమ్మట రావలసిన ఫైలుకును, ప్యాచ్‌కును వేర్వేరుగా ఒక్కొక్క ముద్రసంఖ్యను తనలో భద్రపఱచుకొనును. ఆ సంఖ్యను సీఆర్‌సీ 32 అందురు. ఫైలులోని బైట్లన్నిటిని ఒక క్రమమున లెక్కించి తేల్చిన సంఖ్య యిది. 429 కోట్లకు పైబడిన సంఖ్యలలో ఒకటి. ఫైలులో ఒక్క బైటు మారినను ఈ సంఖ్య మారును. ముద్ర సరిపోలనప్పుడు ఇది తగిన మూలము కాదని ముందే తెలియును. పిమ్మట వచ్చిన బీపీఎస్ రూపమును ఈ నియమమునే పాటించును. పోయిన ‘తప్పు’ వరుస ఇట్లు మఱియొక రూపమున తిరిగి వచ్చినది.

ఇక కంప్యూటరుపై దీనిని అమర్చుకొను విధానము. మొదట తన సొంత కార్ట్రిడ్జి నుండి, దానిని చదువు చిన్న పరికరము సాయమున, రోమ్ ఫైలును తీసికొనవలెను. ఆ ఫైలును ఒక ప్రత్యేకమైన ఫోల్డరులో ఉంచి, చదువుటకు మాత్రమే వీలగునట్లు గుర్తుపెట్టి, దాని ముద్రసంఖ్యను వ్రాసికొనవలెను. పిదప ప్యాచ్‌తోపాటు వచ్చు వివరణపత్రమును ఆసాంతము చదువవలెను. ఏ దేశమున వెలువడిన ప్రతిపై, ఎన్నవ కూర్పుపై ఆ ప్యాచ్ పనిచేయునో అందు చెప్పబడియుండును. ముద్రసంఖ్యలు సరిపోలినచో, ఫ్లోటింగ్ ఐపీఎస్ వంటి సాధనమును తెఱచి, ప్యాచ్‌ను, మూలమును చూపి, వచ్చు క్రొత్త ఫైలుకు వేఱొక పేరు పెట్టవలెను. ఆ పేరులో ప్యాచ్ పేరును, దాని కూర్పు సంఖ్యయు ఉండుట మంచిది. అట్లు వచ్చిన ఫైలును ఎమ్యులేటరుతో తెఱచినచో ఆట మొదలగును.

ఇంతకన్నను చక్కని మార్గమొకటి కలదు. ఎమ్‌జీబీఏ మొదలగు కొన్ని ఎమ్యులేటర్లు, ఒకే ఫోల్డరులో ఒకే పేరుతో రోమ్ ఫైలును, ప్యాచ్ ఫైలును ఉంచినచో, ఆట తెఱచునప్పుడు మాత్రమే ఆ రెంటిని కలిపి చూపును. మూలము డిస్కుపై ఉన్నట్లే యుండును. ప్యాచ్‌ను తీసివేసినచో మూలము, చేర్చినచో అనువాదము. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యన్న సామెత ఇచ్చట చక్కగా అన్వయించును.

పైని చెప్పిన జాగ్రత్త అంతయు చాదస్తమని తోచువారు సూపర్ ఫామికామ్ ఆటలకు పట్టిన యొక వింత చిక్కును తెలిసికొనవలెను. పూర్వము కార్ట్రిడ్జిలనుండి ఆటలను ఎక్కించుకొనుటకు వాడబడిన కొన్ని యంత్రములు ఫైలు మొదట తమ అవసరమునకై 512 బైట్ల ఉపోద్ఘాతమును చేర్చెడివి. ఆటకు దానితో నిమిత్తము లేదు. కాని దానివలన ఫైలులోని ప్రతి బైటును 512 చోట్లు ముందునకు జరిగినది. ముద్రాపకుడు గ్రంథము మొదట నాలుగు పుటల పీఠికను చేర్చి, పుటసంఖ్యలను దానినుండియే వేసినచో పాత పట్టికలోని ప్రతి సూచనయు తప్పుపుటను చూపునుగదా! అట్లే, ఉపోద్ఘాతము లేని ప్రతికై చేసిన ఐపీఎస్ ప్యాచ్‌ను ఉపోద్ఘాతమున్న ప్రతికి వేసినచో ఆట పాడగును. తెఱపై చీకటి కనబడును. లేదా బొమ్మలు చెదరి పిచ్చిగీతలగును. అప్పుడు ఆడువాడు అనువాదకుని నిందించును. అనువాదకుడు చేసిన దోషమేమియు లేదు. మూలమేదో చూచుకొనక దిద్దుటయే దోషము.

ఈ మర్యాద యంతయు తెలిసిన విద్యార్థులు ఎందరు? పలువురు చేయునది వేఱు. మార్పులన్నియు ముందే కలిపియుంచిన ఫైలును ఎచ్చటనుండియో దింపుకొని ఆడెదరు. దానితో వివరణపత్రము రాదు. అనువదించినవారి పేరు రాదు. ఏది రచయిత మాట, ఏది అనువాదకుని మాట, ఏది నడుమ నెవరో చేర్చిన మాట, తెలిసికొను దారి లేదు. ఇంతటితో ఆగక, అభిమానులు ఉచితముగా ఇచ్చిన అనువాదములను క్రొత్త కార్ట్రిడ్జిలలోనికి ఎక్కించి అమ్ముకొను వర్తకులును కలరు. సొమ్మొకడిది, సోకొకడిది.

దీని ఫలమెట్లుండునో తెలుగు సాహిత్యము చదివినవారికి చెప్పనక్కఱలేదు. వేమన మకుటము తగిలించి ఎవడు ఒక ఆటవెలది అల్లినను అది వేమన పద్యములలో కలిసిపోయినది. వ్రాయసకాండ్రు తమకు తోచిన మాటను మూలములో చొప్పించి, ఆ సంగతి ఎచ్చటను చెప్పక తాళపత్రమును ముందుతరమునకు అందించిరి. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన చార్లెసు ఫిలిప్ బ్రౌను అందుకై అనేక వ్రాతప్రతులను సేకరించి, పండితుల సాయమున పోల్చిచూడవలసివచ్చెను. అయినను ఏది వేమన పద్యము, ఏది కాదు అను వివాదము నేటికిని తీరలేదు. మార్చినవారు దుర్మార్గులు కారు. వారిలో మంచి కవులును ఉండవచ్చును. వారు మార్పును మూలమునుండి విడదీయరానట్లు కలిపివేయుటయే వచ్చిన చిక్కు. దీనికి భిన్నముగా, నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించినప్పుడు నన్నయ పేరు నన్నయకు, ఎఱ్ఱన పేరు ఎఱ్ఱనకు నిలిచినవి. పరుల కృతికి చేయూతనిచ్చుటకును, పరుల కృతిలో చేయిపెట్టుటకును గల భేదమిదియే.

ఇచ్చట న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. మూలమును మార్చుటకు అభిమానులకు అధికారమెక్కడిది? భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చినది. అనువాదము చేయు హక్కు, మార్చి వ్రాయు హక్కు ఆ చట్టము ప్రకారము హక్కుదారునివే. చట్టబద్ధముగా ప్రతి కలిగినవాడు నష్టమునుండి రక్షణకై మఱియొక ప్రతి తీసియుంచుకొనుటకు అందు వీలున్నది. ఆ ప్రతిని ఊరంతయు పంచుటకు వీలు లేదు. కావున రోమ్ ఫైలును పంచుట నిస్సందేహముగా తప్పు. ప్యాచ్ మాత్రమే పంచుటయు సందేహమునకు పూర్తిగా అతీతము కాదు. హక్కుదారులు అడ్డుపడిన సందర్భములు లేకపోలేదు. ‘క్రోనో ట్రిగ్గర్’ అను ఆటను ఆధారము చేసికొని అభిమానులు ఏండ్లతరబడి నిర్మించిన ‘క్రిమ్‌సన్ ఎకోస్’ 2009లో, వెలువడుటకు కొద్దినాళ్ల ముందు, స్క్వేర్ ఎనిక్స్ సంస్థ తాఖీదుతో నిలిచిపోయెను. మఱియొక వంక, సోనిక్ ఆటలను అభిమానముతో మార్చి పనినేర్చిన కొందరిచేతనే సేగా సంస్థ ‘సోనిక్ మేనియా’ను చేయించి 2017లో వెలువరించెను. హక్కుదారుల మనసు ఒక్కతీరుగా నుండదు.

అట్లని ఈ పనినంతను దొంగతనమని కొట్టివేయుటయు న్యాయము కాదు. మాండెలిన్ 2013లో తమ అనువాదపాఠమును నింటెండో సంస్థకు ఉచితముగా ఇచ్చుటకు సిద్ధమని ప్రకటించెను. దొంగ యెవడును దొరతో అట్లనడు. సంస్థ దానిని స్వీకరింపలేదు. 2024 ఫిబ్రవరిలో ఆ ఆట క్రొత్త యంత్రముపై మరల వెలువడినప్పుడును జపాను దేశమునకే పరిమితమయ్యెను. చట్టము హక్కుదారుని సొత్తును కాపాడును, అది కాపాడవలసినదే. కాని హక్కుదారుడు చేయక విడిచిన పనిని, అతని సొత్తును ముట్టక, తన శ్రమను మాత్రము వేఱుగా చూపి, ప్రతిఫలము కోరక చేసినవానిని దోపిడికానితో ఒకే గాట కట్టుట విచక్షణ యనిపించుకొనదు. ప్యాచ్ అను రూపము ఆ విచక్షణకు సాధనము. ‘ఇది నాది, అది నీది’ అని గీత గీసి చూపునది అదియే.

ఇంకొక ఆక్షేపణ తండ్రులది, ఉపాధ్యాయులది. చదువుకొనవలసిన పిల్లవాడు పాత ఆటలతో ప్రొద్దుపుచ్చుటయేల యని వారి ప్రశ్న. ఆడుటయే పనియైనచో ఆ ప్రశ్న సరియైనదే. కాని మార్పుచేయుటకు దిగిన పిల్లవాడు ఆటను విడిచి చాలదూరము వచ్చినట్లే. పదునాఱు అంకెల లెక్క, లిపుల స్వభావము, పాయింటర్ల సూచిక, వాక్యమును క్లుప్తపఱచు నేర్పు, ఒక ప్రతిని మఱియొక ప్రతితో పోల్చు ఓర్పు, ఇవన్నియు అతనికి అవసరమగును. వీనిలో సగము గణితోపాధ్యాయుడు నేర్పవలసినవి; సగము తెలుగు పండితుడు నేర్పవలసినవి. ఇద్దరును ఒకే బల్లచుట్టు కూర్చుండుటకు తగిన విషయములు పాఠశాలలో ఎన్ని దొరకును?

పరుల ఆటలను ముట్టకయే ఈ విద్యను నేర్పు మార్గమును కలదు. జీబీ స్టూడియో అను ఉచితసాధనముతో ప్రోగ్రాము భాష రానివారును గేమ్‌బాయ్‌పై నడుచు చిన్న ఆటను స్వయముగా నిర్మింపవచ్చును. తరగతిలో ఒక జట్టు తమ ఊరి కథతో ఒక ఆట చేయవలెను. రెండవ జట్టు వారి అనుమతితో దానిని మార్చి, ఆటను గాక, బీపీఎస్ ప్యాచ్‌ను మాత్రమే, తమ పేర్లతోడి వివరణపత్రముతో మూడవ జట్టునకు ఇయ్యవలెను. మూడవ జట్టు ఆ ప్యాచ్‌ను మొదట కావలెనని తప్పు ప్రతికి వేసి, సాధనము నిరాకరించుట కన్నులార చూచి, పిదప సరియైన ప్రతికి వేయవలెను. మూలము, సవరణ, ప్రమాణము అను మూడు మాటల అర్థము ఆ ఒక్క గంటలో తెలిసినట్లు ఉపన్యాసముల వలన తెలియదు. కంప్యూటరు లేని పాఠశాలలోనైనను, కాపీరైటు తీరిన ఒక చిన్న గ్రంథమును రెండు వేర్వేరు ముద్రణలలో తెప్పించి, భేదములను నాలుగు వరుసల పట్టికగా వ్రాయించినచో అదే విద్య అలవడును.

తెలుగు విద్యార్థి యెవడైన ఒకనాడు పాత ఆటకు తెలుగు మాటలాడుట నేర్పదలచినచో అతనికి ఎదురగు పరీక్ష ఆంగ్లానువాదకులకు ఎదురైన దానికన్న కఠినము. ఆ యంత్రములు తెఱను నిలువునకు ఎనిమిది, అడ్డమునకు ఎనిమిది చుక్కలుగల గడులుగా పంచుకొనును. గుడి పైకి లేచి, రెండు వత్తులు క్రిందికి దిగు ‘స్త్రీ’ అను అక్షరము ఆ ఎనిమిది చుక్కల ఎత్తులో చదువదగినట్లు ఒదుగదు. రెండు గడుల ఎత్తు కావలెను. గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెఱ యెత్తు 160 చుక్కలు. రెండు గడుల ఎత్తు చొప్పున తెఱనంతయు నింపినను పది పంక్తులకు మించవు. ప్రతి సంయుక్తాక్షరమునకు ఒక బొమ్మ గీయబూనినచో వేలసంఖ్య దాటును. గుణింతపు గుర్తులను, వత్తులను వేఱు వేఱు ముక్కలుగా ఉంచి, సీసపు అక్షరముల నాటి కంపోజిటరువలె కూర్చుకొనవలెను. ఇది అసాధ్యము కాదు. లిపిని క్రొత్తగా చూడనేర్చినవానికే సాధ్యము.

ఆ విద్యార్థి పని ముగించిననాడు అతని చేతిలో మిగులునది చిన్న ఫైలొకటి, దానితో ఒక వివరణపత్రము. ఆ పత్రములో మూలకర్త పేరు మొదట, తనకు ముందు శ్రమించినవారి పేర్లు పిదప, తన పేరు చివర ఉండవలెను. ఏ ప్రతిపై పనిచేసినదియు, ఏ యే చోట్ల తాను స్వేచ్ఛ తీసికొన్నదియు, తనకు సందేహముగా మిగిలిన మాటలేవో కూడ అందుండవలెను. తరువాత వచ్చువాడు అతని తప్పును దిద్దదలచినచో మూలమును త్రవ్వి వెదకనక్కఱలేక, ఆ చిన్న ఫైలును మాత్రమే దిద్దిన చాలును.

తప్పొప్పుల పట్టికను అచ్చువేయు ముద్రాపకుడు తన తప్పును తానే లోకమునకు చూపుకొనెడివాడు. దానిని చిన్నతనమని అతడు భావింపలేదు. చదువరికి తాను బాకీపడిన ఋణమని భావించెను. నేటి పుస్తకములలో ఆ కాగితము అరుదైనది. అది పాత ఆటల మధ్య, పేరు మార్చుకొని, పిల్లల కంప్యూటర్లలో బ్రతికియున్నది. దానిని వారికి చూపి, దాని గౌరవమును తెలియజెప్పవలసినది ఉపాధ్యాయులే.